దొరసాని కూతురు

పెద్ద వరద వచ్చిపోయిన మూడో ఏడు అది. పిల్లిజాతుల సంఘం నుంచి వచ్చిన పెద్దమనిషి కూనను బల్లమీద నిలబెట్టి తల కొలుస్తున్నాడు. అక్క గుమ్మంలో నిలబడి వేళ్ళు నులుముకుంటోంది. ఆమె తమ్ముడు, వడ్రంగి, గోడకు బల్లిలా అతుక్కుపోయాడు.

ఆ వరదకు ఊళ్ళో పాతజాతి పిల్లులన్నీ కొట్టుకుపోయాయి. అక్క ఇంట్లో అటకెక్కిన రెండే మిగిలాయి. ఆడదాని పేరు దొరసాని. మగది దాని తోబుట్టువు. ఆ జతతోనే జాతిని నిలబెట్టాలని అక్క పంతం. కానీ ఈతకు ఈత, కూనలు కళ్ళయినా తెరవకుండా పోయేవి. పాలు చాలకేమో అనుకునేవాడు వడ్రంగి. చివరికి ఈ ఒక్కటే బతికి బట్టకట్టింది.

"బయటి రక్తం కలవలేదు కదా? చుక్క కలిసినా జాతి గుర్తింపు ఇవ్వం," అన్నాడు పెద్దమనిషి.

"కాపలా మా తమ్ముడేనండీ. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. ఏమన్నా ఉంటే ఈపాటికి ఊరంతా పాకేది. వాణ్ణే అడగండి," అంది అక్క.

వడ్రంగికి గొళ్ళెం గుర్తొచ్చింది. మొన్న వానాకాలంలో దొరసాని ఎదకొచ్చినప్పుడు, దాని గది తలుపు చూస్తుండమని చెప్పి అక్క పెరట్లోకి వెళ్ళింది. అతను కునుకు తీశాడు. లేచేసరికి గొళ్ళెం ఊడి ఉంది. తను బిగించిన గొళ్ళెమే! లోపల వీధిపిల్లి తెగినచెవోడు దర్జాగా మీసాలు నాక్కుంటున్నాడు. చీపురు తిరగేసి తరిమాడు. ఎవరికీ చెప్పలేదు.

"లేదండీ," అన్నాడు.

"శెభాష్! ఏం తల, ఏం ఎముక! గుర్తింపు ఇచ్చేశాం. ఇకమీదట ఇదే కొలత. దీన్ని పోలనిది ఈ జాతే కాదు."

"మరి దీని తల్లి సంగతో?" అంది అక్క.

పెద్దమనిషి దొరసాని వంక చూశాడు. "తల సన్నం. లెక్కలోకి రాదమ్మా."

అక్క నవ్వబోయి ఆగిపోయింది. దొరసానిని ఒళ్ళోకి తీసుకుని అలాగే కూర్చుంది. ఆ పూట ముద్ద ముట్టలేదు. వడ్రంగికి ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెబితే గుర్తింపు పోతుంది. చెప్పకపోతే దొరసాని వెలి.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి అక్క కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"అక్కా, దాని తండ్రి తెగినచెవోడే. నేను నిద్రపోయాను. దొరసానికి ఈ గతి నావల్లే పట్టింది. చెప్పుచ్చుకు కొట్టు."

అక్క పాలగిన్నె కింద పెట్టింది.

"గొళ్ళెం తీసింది నేనేరా," అంది.