కొయ్యాలా, వద్దా?

“కొయ్యొద్దంటే కొయ్యొద్దు!”

పెద్ద సర్జన్ బల్ల మీద చరిచాడు. చల్లారిపోయిన టీ కప్పులన్నీ ఒక్కసారి ఉలిక్కిపడ్డాయి.

చిన్న సర్జన్ తెల్లబోయి చూసింది. పొద్దుటి నుంచి ఆపరేషన్ థియేటర్లో నిలబడి ఆమె కాళ్లు పీకేస్తున్నాయి. వారం వారం జరిగే ఈ క్యాన్సర్ మీటింగులో ఇదే ఆఖరి కేసు. రోగి ఎవరో తెలిస్తే మొహమాటాలు అడ్డొస్తాయని పేరు చెప్పకుండా మాట్లాడుకోవడం అక్కడి పద్ధతి. తెలిసిందల్లా, అరవై దాటిన మగమనిషి అనీ, పెద్దపేగులోకి గొట్టం వేసి తీసేసిన పాలిప్‌లో, అంటే చిన్న కండలో, క్యాన్సర్ కనబడిందనీ.

“తీసేశారుగా! ఇంకేం కోస్తావమ్మా?” అన్నాడు పెద్దాయన.

“పాలిప్ పోయింది సార్. క్యాన్సర్ పోయిందని చెప్పలేం. కోసిన అంచు దాకా కణాలున్నాయి.”

“జబ్బు పక్కకి పాకే లింఫు నాళంలోనూ ఉన్నాయి,” అన్నాడు ల్యాబ్ డాక్టరు, ఆవులింత మింగుతూ.

“ఉంటే? నూటికి ఎనభై మందికి పేగులో ఇంకేమీ మిగలదు. అప్పుడప్పుడూ గొట్టం వేసి చూసుకుంటే సరిపోతుంది.”

“మరి ఆ ఇరవై మందీ?”

పెద్దాయన ముందున్న టీ కప్పు పక్కకి జరిపాడు.

“గుండె బాగుంది, షుగర్ లేదు, ఆపరేషన్ తట్టుకుంటాడు. ఇలాంటివాళ్ల విషయంలో నాన్చొద్దని నాకు నేర్పింది మీరే కదా సార్!”

“కత్తి చూస్తే పూనకం వచ్చే మీకు ఇవాళ జాలి పుట్టుకొచ్చిందేంటండీ?” ల్యాబ్ డాక్టరు నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు. నవ్వే ఓపిక ఎవరికీ లేదు.

పెద్దాయన కళ్లజోడు తీసి కళ్లు నులుముకున్నాడు. “కుట్టిన చోట పేగు ఊడితే? పొట్టకి మలం సంచీ తగిలించుకుని తిరగాల్సొస్తే? ఆ మనిషి ఏమైపోతాడో ఆలోచించావా?”

“బతికుంటాడు సార్.” ఆమెకి విసుగొచ్చేసింది. “ఆయనకి చెప్పడానికి మీకు మనసొప్పకపోతే నన్ను పంపండి. కాళ్లావేళ్లా పడైనా ఒప్పిస్తాను.”

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు.

“అక్కర్లేదు, ఒప్పుకున్నాడులే,” అన్నాడు పెద్దాయన నీరసంగా. “సోమవారం పెట్టు. కత్తి నువ్వే పట్టాలి.”

“నేనా? ఇంత కష్టమైన కేసు, మీరుండగా నేనెందుకు సార్?”

“నా కడుపు నేనే కోసుకోలేను కదమ్మా!”