ముక్కు చప్పుడు

మృగశిర కార్తె తొలిరోజున అన్యాయమైపోయింది చిలుకపిల్లల్లో పెద్దది.

ఆ అడవిలో పాము తను మింగినవాళ్ల గొంతుతోనే పిలిచేది. అందుకే చైత్రంలోనే తల్లి పిల్లలిద్దరికీ పాఠం చెప్పింది: "ముక్కుతో తొర్ర కొట్టాకే పిలుస్తాను. చప్పుడు లేకుంటే తల బయటపెట్టకండే."

పెద్దది ఆ పూటే వందసార్లు వల్లించి ఊరుకుంది. నాలుక అరిగింది గానీ బుర్రకెక్కిందా? చిన్నది మాత్రం రోజూ కళ్లు మూసుకుని గుర్తుతెచ్చుకునేది, తడబడేది.

"ఇంకా రాలేదుటే, మట్టిబుర్రా?" అని అక్క దెప్పేది.

వానలొచ్చాయి. మేతకెళ్లిన తల్లి రాలేదు, తల్లి గొంతొచ్చింది. "అమ్మలూ, రండే!"

"ఆగక్కా! ముందేం వినాలి?"

"ఏదో ఉందే... నాకొచ్చు," అంటూనే పెద్దది తల బయటపెట్టింది.

మర్నాడు తొర్ర బయట అక్క గొంతు పాఠమంతా పొల్లుపోకుండా అప్పజెప్పింది.

"అయితే ముక్కుతో కొట్టవే అక్కా," అంది చిన్నది ఏడుస్తూ.

గొంతు ఆగిపోయింది.