ముప్ఫై ఒక్క డిగ్రీలు

కారు దిగకముందే ఫణిభూషణ్ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

జవహర్‌నగర్ గాలి అలాంటిది. నగరం చెత్తంతా అక్కడికే చేరుతుంది. రాత్రి వాన పడటంతో కంపు మరింత లేచింది. టీకా కేంద్రం ముందు షామియానా కింద రెండు వందల మంది కూర్చుని ఉన్నారు. వాళ్ళకు రుమాళ్ళూ లేవు, పట్టింపూ లేదు. కూలి పనులు మానుకుని ఏడింటికే వచ్చి, పది దాటేదాకా ఈయన కోసమే కాచుకున్నారు.

"ఛీ ఛీ, మనుషులెలా బతుకుతారమ్మా ఇక్కడ?" అన్నాడు ఫణిభూషణ్, ఎదురొచ్చిన డాక్టర్ హరిచందనతో.

డెంగీకి కొత్త టీకా. వేలమంది మీద పరీక్షిస్తున్నారు. ఆ టీకాను చల్లగా చేరవేయించే మేనేజరు ఫణిభూషణ్. మేడ్చల్ గోదాము నుంచి కేంద్రం చేరేదాకా సీసాలు రెండు, ఎనిమిది డిగ్రీల మధ్యే ఉండాలి. గంటసేపు వేడెక్కినా పారబోయాల్సిందే. అది కనిపెట్టడానికి ప్రతి పెట్టెలోనూ సీసాల మధ్య బొటనవేలంత రికార్డర్ ఒకటి పెట్టాలి. నిమిష నిమిషానికీ ఎన్ని డిగ్రీలో రాసుకుంటుంది.

ఇవాళ వచ్చింది మొట్టమొదటి పెట్టె. ఆరింటికి గోదాములో సీలు వేసింది ఫణిభూషణే. ఆయన వచ్చేదాకా ఇక్కడ ఎవరూ తెరవకూడదు. అది రూలు.

ఆయనే సీలు తీశాడు. సీసాలు అటూ ఇటూ జరిపాడు. రికార్డర్‌ని కంప్యూటర్‌కు తగిలించాడు.

తెర మీదికి వంగిన హరిచందన ముఖం పాలిపోయింది.

"సార్! ఏడింటి నుంచి తొమ్మిదిన్నర దాకా ముప్ఫై ఒక్క డిగ్రీలు. ఆ తర్వాతే కాస్త దిగింది."

ఫణిభూషణ్ మెడ మీద చెమట తుడుచుకున్నాడు. తర్వాత వాకిట్లోకి తిరిగి గట్టిగా అరిచాడు.

"ఎవడయ్యా వ్యాను డ్రైవరు?"

లింగస్వామి పరుగెత్తుకొచ్చాడు. ఏడేళ్ళు అద్దె ఆటో తోలి, పోయిన నెలలోనే ఈ ఉద్యోగంలో చేరాడు. ఇద్దరు ఆడపిల్లలు. జీతం వస్తుందన్న ధైర్యంతో పెద్దదాన్ని మొన్ననే మంచి బడిలో వేశాడు.

"ఇక్కడికి ఎన్నింటికి వచ్చావు?"

"ఏడున్నరకే వచ్చిన సార్. మీరు వచ్చేదాంక బండి కాడనే ఉన్న."

"కూలింగ్ ఎందుకు ఆపావు?"

"ఆపలే సార్! ఇంజన్ బందే జెయ్యలే. నా బిడ్డల మీద ఒట్టు."

"నోర్ముయ్! ఒట్లు పెడితే గ్రాఫు మారుతుందా? డీజిల్ మిగుల్చుకుందామని దారిలోనే ఆపేశావు. ఇక్కడికొచ్చి కాళ్ళు బారజాపుకుని పడుకున్నావు. నేను వచ్చే వేళకి మళ్ళీ ఆన్ చేశావు. థూ! ఏం పుటకరా నీది?"

లింగస్వామి డాక్టరు వైపు చూశాడు.

"మేడం, జర సెయ్యి వెట్టి సూడుండ్రి. సీసాలు ఎంత సల్లగున్నయో మీకే తెలుస్తది."

హరిచందన పెట్టెలో చేయి పెట్టింది. నిజంగానే సీసాలు చల్లగా ఉన్నాయి. అనుమానంగా ఫణిభూషణ్ వైపు తిరిగింది.

"ఇప్పుడు చల్లగా ఉంటే ఏం లాభమమ్మా? విరిగిన పాలు ఫ్రిజ్‌లో పెడితే మంచి పాలవుతాయా?" అన్నాడాయన.

ఆమె పెట్టెలోంచి చేయి తీసేసింది. చదువుకున్న పుస్తకాల్లోనూ అదే ఉంది మరి.

నాలుగు లీటర్ల డీజిల్ కోసం రెండు వందల మంది ఒంట్లోకి చచ్చిన మందు ఎక్కించబోయినవాణ్ణి చూస్తే ఎవరికి మాత్రం ఒళ్ళు మండదు? సంగతి షామియానా కిందికి పాకింది. బుచ్చమ్మ అనే ముసలామె లేచి వచ్చి లింగస్వామి కాళ్ళ ముందు ఉమ్మింది.

"గరీబోళ్ల పానాలంటే గంత అగ్గువనారా నీకు? నువ్వు గూడ మా అసుంటోనివే గదరా!"

సారు తిట్టినా తట్టుకున్న లింగస్వామి ఆ మాటకు కూలబడిపోయాడు.

"నేను జెయ్యలే అవ్వా. నేనేం జెయ్యలే" అని ఏడ్చాడు. ఎవరూ వినలేదు.

ఫణిభూషణ్ చకచకా పని కానిచ్చాడు. ఆరు వందల సీసాలకూ 'వాడరాదు' అని ఎర్ర చీటీ అంటించాడు. తగలబెట్టడానికి పంపమని రాశాడు. కారణం అని ఉన్న చోట 'డ్రైవరు నిర్లక్ష్యం' అని రాసి సంతకం పెట్టాడు. హరిచందన చేత కూడా పెట్టించాడు. వ్యాను తాళాలు లాక్కున్నాడు. లింగస్వామి మెడలోని గుర్తింపు కార్డును, చచ్చిన ఎలుకను తీసినట్టు, రెండు వేళ్ళతో పట్టుకుని తీశాడు.

"సార్, కాల్మొక్త. పిల్లలు ఆగమైతరు సార్."

"అది డీజిల్ కొట్టేసేటప్పుడు గుర్తు రావాలి. ఇంకే కంపెనీలోనూ నువ్వు స్టీరింగ్ పట్టకుండా చూస్తాను."

జనాన్ని వచ్చే నెల రమ్మని పంపేశారు. అందరూ వెళ్ళాక కూడా లింగస్వామి గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. కారు అద్దం పైకెత్తుకుని ఫణిభూషణ్ అతని పక్క నుంచే వెళ్ళిపోయాడు.

తూంకుంటలో ఇల్లు చేరగానే తిన్నగా స్నానాల గదిలోకి దూరాడు. రెండుసార్లు సబ్బు రుద్దుకున్నా కంపు వదల్లేదనే అనిపించింది.

"అలగా జనం! వాళ్ళతో పెట్టుకుంటే ఇంతే" అని విసుక్కుంటూ వచ్చి సోఫాలో వాలాడు.

భార్య సీతామహాలక్ష్మి కాఫీ గ్లాసు చేతికిచ్చి, పక్కన కూర్చుని ఆత్రంగా అడిగింది:

"ఏవండీ, మనబ్బాయి హాల్‌టికెట్ పెట్టించినట్టే పొద్దున్న మీ రికార్డర్ని కూడా దేవరయాంజాల్ గుళ్ళో రాములవారి పాదాల దగ్గర రెండున్నర గంటలు పెట్టించాం కదా, మొదటి పెట్టె లెక్కలు బాగా వచ్చాయా?"