చివరి భాగహారం

మిగిలిన భాజకం ఒక్కటే. ఇరవై నాలుగు వేల ఏడు వందల ఎనభై ఒకటి. అదీ భాగించకపోతే లెక్క తేలిపోయినట్టే. ఆ తొమ్మిదంకెల సంఖ్య ప్రధాన సంఖ్యే.

అతను గోడకు వీపు ఆనించి, సిగరెట్ పెట్టె అట్ట మీద పెన్సిల్ ముక్కతో భాగించాడు. శేషం మిగిలింది. మళ్లీ చేశాడు. అదే శేషం. సంతోషం కలగలేదు, బాధా కలగలేదు. ఈ జైల్లో కొన్నేళ్లుంటే ఎంతటివాడైనా మొద్దుబారిపోతాడు.

ఉరుగ్వేను సైన్యం ఏలుతున్న రోజులవి. గోడకు అవతల ఒంటరి కొట్లో లీబెర్ ఉన్నాడు. ఒకప్పుడు లెక్కల మాస్టారు. చొక్కా మీది ఖైదీ నంబరు పక్కన చనిపోయిన కూతురి పుట్టిన తేదీ చేర్చి, తొమ్మిదంకెల సంఖ్య తయారుచేసుకున్నాడు. దాన్ని ఏదైనా భాగిస్తుందా అని నాలుగేళ్లుగా చూస్తున్నాడు. రోజుకు రెండు భాగహారాలు. తన శేషం గోడ మీద తడతాడు. ఇవతలి నుంచి సరే అని తట్టాలి. ఒక్కడు చేసిన లెక్క లెక్కే కాదన్నది ఆయన నియమం. మాటలు కూడా గోడ మీద దెబ్బలే, అక్షరానికి ఇన్నేసి.

"లెక్క తేలేదాకే తిండి. తర్వాత నాకేం పని?" అని పోయిన వారం తట్టాడు. అన్నంత పనీ చేసే మనిషి. ఇవాళ మధ్యాహ్నం వచ్చిన చిక్కుళ్ల పులుసు అప్పుడే పక్కన పెట్టేశాడు.

గోడ మోగింది.

"ఎవెలియో తాతా, ఉన్నావా పోయావా? నా శేషం చెప్పేశాను కదా. సరిపోయిందా?"

అతను అట్ట మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"తాతా!"

"తిట్టనంటే ఒక మాట చెప్తాను మాస్టారూ."

"ముందు సరిపోయిందో లేదో చెప్పవయ్యా!"

"రెండేళ్లుగా నేను లెక్క చేయట్లేదు. నువ్వు ఎంతంటే అంత, సరే అంటున్నాను."

పచ్చి అబద్ధం. జ్వరంతో వణుకుతూ కూడా అతను ఒక్క భాగహారం ఎగ్గొట్టలేదు.

గోడ దడదడలాడిపోయింది.

"దొంగ ముసలోడా! రెండేళ్ల కష్టం బూడిదలో పోశావు కదయ్యా! సిగ్గుందా నీకు?"

"లేదు మాస్టారూ."

"అక్కణ్నుంచి అన్నీ మళ్లీ చేయాలి. రేపట్నుంచి ముందు నువ్వే తట్టు. నిన్ను నమ్మను గాక నమ్మను!"

"సరే."

కాసేపటికి అవతల గిన్నెలో చెంచా చప్పుడైంది. కోపంగా తింటున్నాడు. గిన్నె అడుగు గీకేదాకా అతను విన్నాడు.

తర్వాత లేచి బయటికొచ్చి, ఎవెలియో చచ్చిపోయినప్పటి నుంచి రెండేళ్లుగా ఖాళీగా ఉన్న ఆ కొట్టుకు బయటి నుంచి తాళం వేసి, తుపాకీ భుజాన తగిలించుకుని, ముఖం గంటు పెట్టుకుని, ఖాళీ గిన్నె తీసుకోవడానికి లీబెర్ తలుపు తెరిచాడు.