మంచు కింద చెవి

“దేశాన్నే అమ్ముకున్నావు, ఉజ్వలా! తిన్నింటి వాసాలు లెక్కపెట్టావు!”

డైరెక్టర్ రాజగోపాల్ బల్ల గుద్దాడు. శాంటా క్లారాలోని ఆ కంపెనీ సముద్రం అడుగున చప్పుళ్లు వినే యంత్రాలు తయారుచేస్తుంది. అలాస్కాకు ఉత్తరాన మంచు కింద ఒకటి దించారు. నిన్న ఓ విదేశీ నౌక వచ్చి దాని నెత్తిమీదే తిష్ట వేసింది. ఓ గజం అటూ ఇటూ కాదు, సరిగ్గా నెత్తిమీదే. ఆ చోటు తెలిసినవాళ్లు, దించిన నేవీ వాళ్లు పోను, ఆఫీసులో ఇద్దరే. చోటు ఎంచిన ఇంజినీర్ ఉజ్వల, సంతకం పెట్టిన రాజగోపాల్. పెద్ద కుర్చీలో కూర్చున్నవాడి వేలు ఎప్పుడూ కిందికే చూపిస్తుంది.

“నాలుగింటికి ఫెడరల్ ఏజెంట్లు వస్తున్నారు. నీ పేరే ఇచ్చాను.”

జైలు భయాన్ని మించి ఉజ్వలను ఒకటే తొలిచేస్తోంది. అంత కచ్చితంగా వాళ్లకెలా తెలిసింది?

“నేనెవరికీ చెప్పలేదండీ. మీరు?”

“నేనా? మా ఆవిడక్కూడా చెప్పలేదు. పూజలో దేవుడికి తప్ప...”

“ఏం పూజ?”

“యంత్రం దించేముందు చేయించాను. తప్పా?”

“దేవుడికి చోటు చెప్పడమెందుకండీ?”

“సంకల్పంలో చెప్పాలి కదమ్మా! ఏ ఊరని అడిగారు పంతులుగారు. అక్కడ ఊరెక్కడిది, అంతా మంచే. చోటు సరిగ్గా చెప్పకపోతే ఫలం పక్కవాడికి పోతుందన్నారు. అందుకని లాటిట్యూడ్, లాంగిట్యూడ్ ఇచ్చాను.”

“పంతులుగారు మీ ఇంటికొచ్చారా?”

“ఆయనుండేది దేశం ఆ చివర, పిస్కాటవేలో. జూమ్‌లో చేయించారు.”

“రికార్డ్ చేశారా?”

“ఆయన... అన్నీ యూట్యూబ్‌లో పెడతారు.”

ఉజ్వల ఫోన్ తీసి వెతికింది. దొరికింది. రాజగోపాల్ గోత్రం, నక్షత్రం, ఆ వెంటనే దశాంశాలతో సహా ఆ అంకెలు. పంతులుగారు ఒక్కటీ వదలకుండా రాగం తీసి మరీ చదివారు. చూసినవాళ్లు నలభై ఒక్కమంది.

“ఇప్పుడే డిలీట్ చేయిస్తాను!” రాజగోపాల్ తన ఫోన్ అందుకున్నాడు. “ఉజ్వలా, నువ్వు నా కూతురులాంటిదానివమ్మా...”

“డిలీట్ వద్దు. ఆ నౌకవాళ్లు ఈ ఛానల్‌నే నమ్ముకున్నారు. కొత్త యంత్రమని చెప్పి ఇవాళే ఇంకో పూజ బుక్ చేయండి,” అంది ఉజ్వల. “నాలుగింటికి వచ్చేవాళ్లకు నిజం చెప్పండి. దేవుడికి మాత్రం ఈసారి అబద్ధం చెప్పండి!”