నాలుగింటి ఫోను

“చెప్పింది గుర్తుంది కదండీ? నంబరు పాతదే ఉండాలి. ఫోనూ పాతదే ఉండాలి. నంబరు కనబడేది మాత్రం పెట్టొద్దు.”

ఆ ఇంటి కోడలు లైన్‌మన్‌కి ఈ మాట చెప్పడం పొద్దుట్నుంచి ఇది మూడోసారి. చివర నాలుగంకెలూ నాలుగులే ఉన్న ఆమె నంబరు సెల్‌లో కనబడితే చాలు, అతనికి నిట్టూర్పు వచ్చేస్తోంది.

“కొత్తది ఫ్రీ అండీ. కంపెనీ ఊరికే ఇస్తోంది.”

“ఊరికే ఇచ్చినా వద్దు. కరెంటు పోయినా పనిచేసేలా బ్యాటరీ ఒకటి తెండి, దాని ఖర్చు నేనిస్తాను. అత్తయ్య అడిగినా సరే, కొత్త ఫోను మాత్రం వద్దు.”

టక్కున ఫోను పెట్టేసింది.

ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగే రోజుల్లో ఇదేం మనిషి? అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టంటారు, ఈవిడ ఫోను మీద చూపిస్తున్నట్టుంది అనుకున్నాడు లైన్‌మన్.

వీధంతా రాగి తీగలు తీసేసి ఫైబర్ వేస్తున్నారు. ఇంటి ఫోను వదిలేస్తారా, పాతదాన్నే రూటర్‌కి తగిలించుకుంటారా, నంబరు కనబడే కొత్తది తీసుకుంటారా అని గడపగడపకీ వెళ్ళి అడగడం అతని పని. “తీసెయ్ బాబూ, ఇంకా ఎవరు వాడుతున్నారు?” అనేవాళ్ళే ఎక్కువ. ఈ ఇంట్లో అత్తగారు తలుపు తీస్తూనే వేరే ప్రశ్న వేసింది.

“నాలుగింటికల్లా అయిపోతుందా నాయనా? నాకు ఫోనొస్తుంది.”

“మూడున్నరకే అయిపోతుంది పెద్దమ్మా. ఎవరు చేస్తారు?”

“మావాడు.”

ఆవిడ చూపించిన వైపు గోడ మీద ఫొటో ఉంది. సరుకుల ఓడలో పనిచేసేవాడట. ఆరేళ్ళ కిందట తుపానులో ఓడ మునిగింది. కొందరి శవాలు దొరికాయి, అతనిది దొరకలేదు.

“దొరకలేదంటే పోయినట్టా? నెల తిరక్కుండానే ఫోన్లు మొదలయ్యాయి. రోజూ నాలుగింటికి. ఆదివారం మాత్రం చెయ్యడు. మాట్లాడడు, వింటాడంతే. ఒక్కోసారి ముక్కు ఎగబీలుస్తాడు. ఇంటి సంగతులన్నీ నేనే చెప్తుంటాను.”

“మరి మీ కోడలు ఏమంటుంది?”

“ఆ వేళకి అదెక్కడుంటుంది? బట్టల ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి ఆరవుతుంది. అయినా దానిది మొండి గుండె. కబురొచ్చిన రోజు కూడా ఏడవలేదు. ఈ ఆరేళ్ళలో ఈ ఇంట్లో దాని కంట చుక్క నీరు చూడలేదు నేను.”

లైన్‌మన్‌కి ఇంటింటి రామాయణమూ తెలుసు. ఇది కూడా చటుక్కున అర్థమైపోయిందనుకున్నాడు. మొగుడు బతికున్నాడని తేలడం ఆ కోడలికి ఇష్టం లేదన్నమాట! అందుకే ఇన్ని ఆంక్షలు. ఈ ముసలావిడకి తనే సాయం చెయ్యాలనుకున్నాడు. వ్యాన్‌లోంచి కొత్త ఫోను తీసుకొచ్చాడు.

“పెద్దమ్మా, ఇది చూడండి. ఎవరు చేసినా నంబరు ఇక్కడ పడుతుంది. మీవాడు ఎక్కడున్నాడో ఇవాళే కూపీ లాగేద్దాం. మనమే తిరిగి ఫోన్ చెయ్యొచ్చు!”

ఆవిడ సంతోషం పట్టలేకపోతుందనుకున్నాడు. కానీ ఆవిడ ముఖం పాలిపోయింది.

“వద్దు నాయనా. పాతదే పెట్టు.”

“ఏం భయం లేదు పెద్దమ్మా, నేనున్నాగా.”

పెద్దవాళ్ళకి కొత్త యంత్రమంటే బెదురు మామూలే అనుకున్నాడు. ఆవిడ మాట చెవిన పెట్టకుండా బిగించేశాడు.

సరిగ్గా నాలుగింటికి ఫోను మోగింది.

ఆవిడ ముందు కళ్ళజోడు తీసి, డబ్బాలో పెట్టి, మూత వేసింది. ఆ తర్వాతే ఫోను వైపు చెయ్యి చాచింది.

తెర మీద అంకెలు వెలిగాయి. చివర నాలుగూ నాలుగులే.

పొద్దుట్నుంచి లైన్‌మన్ మూడుసార్లు చూసిన నంబరే. గభాలున తెరకి చెయ్యి అడ్డం పెట్టాడు. ముసలావిడ కళ్ళజోడు పెట్టుకుంటే ఏం గతి? ఆరేళ్ళుగా కట్టుకున్న ఆశని తన చేతులతో తనే కూల్చబోయాడు. తన తొందరపాటుని తనే తిట్టుకున్నాడు.

“బాగున్నావా నాన్నా?” అంటోంది ఆవిడ. “మాకేం, బాగానే ఉన్నాం. నీ పెళ్ళామే చిక్కిపోయిందిరా. ఇవాళ కూడా అన్నం డబ్బా మర్చిపోయి వెళ్ళింది. దానికింకా నలభై నిండలేదు. ఈ ముసలిదానికి కాపలా ఎన్నాళ్ళు కాస్తుంది? ఎవరైనా మంచివాడు కనబడితే పెళ్ళి చేసుకోమని నువ్వైనా చెప్పు. నేను చెప్తే కసురుకుంటుంది.”

అవతల ఒక వెక్కు వినిపించింది. తర్వాత ఆపుకోలేని ఏడుపు. అది ఎవరి ఏడుపో రెండడుగుల దూరంలో ఉన్న లైన్‌మన్‌కి ఇప్పుడు తెలుసు.

“ఏడువు నాన్నా, ఏడువు. నేనెక్కడికీ పోను.”

ఏడుపు నెమ్మదించి, అటువైపు పెట్టేసిన చప్పుడు వినబడేదాకా ఆవిడ ఫోను చెవి దగ్గరే ఉంచుకుంది. కళ్ళజోడు డబ్బా జోలికి పోలేదు. తెర మీదున్న అతని చేతిని తడిమి, మెల్లగా పక్కకి తీసి, కొత్త ఫోనుని అతని వైపు జరిపింది.

“ఇది తీసుకుపోయి పాతదే పెట్టు నాయనా, నాకు మొదటిరోజే తెలిసిపోయిందని తెలిస్తే, ఆ పిచ్చిపిల్ల రేపట్నుంచి ఎవరి దగ్గర ఏడుస్తుంది?”