మందు పాలు

పాపను అత్త దగ్గర వదిలి వారం రోజులు ఆసుపత్రిలో ఉండి, ఆ పొద్దునే ఇంటికొచ్చిన అమరావతి, తన పాలు పిండి కనకాంబరం మొక్కల్లో పారబోసింది. మాత్రలు అయిపోయేదాకా పాపకు ఇవ్వకూడదని, పిండడం మానితే మాత్రం పాలు ఎండిపోతాయని మదనపల్లె డాక్టరమ్మ చెప్పింది.

"తూ!" అత్త వెంకటమ్మ మొహం చిట్లించింది. "బిడ్డ నోటికాడి పాలు మట్టిలో పోస్తాండావే! చీమలు ముట్టితే నీకు మళ్లీ పాలు పడవు."

"అవి మందు పాలత్తా."

"మందంట, మందు!" అని ఈసడించి, వెంకటమ్మ పాపకు ఉగ్గుగిన్నెతో ఆవుపాలు పట్టసాగింది.

అమరావతి బోర్లించి ఉన్న పాలక్యాను చూసింది. "డెయిరీకి పొయ్యలేదా అత్తా?"

"వాళ్లు యాడ తీసుకుంటాండారు? ఆవుకు పొదుగు వాచిందని సూదులేయించినాం. మందు పాలు వద్దన్నారు. నీ మాదిరి పారబొయ్యడానికి నాకు చేతులు రాలే. వారంగా పాపకే పడ్తాండా."